ఎత్తకూడని ఫోను

ఎదురొచ్చే లారీ కప్పు తడిసి ఉంది.

కిటికీ పక్కన కూర్చున్న సుభానీ అది చూసి నిటారుగా సర్దుకున్నాడు. బస్సు మీద ఎండ చురుక్కుమంటోంది. పొదిలి నుంచి ఒంగోలు పోయే బస్సది. రోజూ అందులోనే వచ్చి చీమకుర్తిలో దిగి, రాయికోత యూనిట్లో పాలిషింగు పనికి పోతాడతను. ఆ దారిలో తడిరాళ్ళ లారీలు కొత్తకాదు. కానీ దీనికి తడిసింది రాయి కాదు, క్యాబిను కప్పు. దాని వెనకే వచ్చిన మోటారుసైకిలు మనిషి నెత్తిన ఎరువుల సంచి కప్పుకున్నాడు. తూర్పున ఆకాశం మసిబట్టిన కుండ అడుగులా ఉంది.

"ఏసోబూ, వానరా," అన్నాడు పక్కవాడితో.

ఏసోబుదీ అదే ఊరు, అదే యూనిట్టు. కునికిపాట్లు పడుతున్నవాడు కళ్ళు తెరవకుండానే, "ఏప్రిల్లో వానేందిరా, నీ మొహం," అన్నాడు.

"లేచి చూడు సామీ. గాలి మనూరి వైపే కొడతా ఉంది."

ఏసోబు లేచాడు. చూశాడు. నిద్ర వదిలిపోయింది.

ఊళ్ళో కళ్ళం మీద ఇద్దరి మిరపకాయలూ పక్కపక్కనే ఆరుతున్నాయి. సుభానీ కౌలుకు తీసుకుని వేసిన తోట కాయంతా అక్కడే పరిచి ఉంది. ఇంకో రెండెండలు తగిలితే బస్తాలకెత్తి గుంటూరు యార్డుకు తోలడమే. ఇప్పుడు తడిస్తే ఎర్రకాయ తెల్లబడి తాలు కింద పోతుంది. తాలుకాయకి అడిగినవాడిదే ధర. పొద్దున్నే కాయల్ని కాలితో తిరగేసి, భార్య సిద్దికా ఇంటికి పోయి ఉంటుంది. టార్పాలిన్ పట్టా ఇంట్లో అటక మీద ఉంది. అక్కడింకా ఎండే కాబట్టి వాన సంగతి ఆమెకి తెలిసే దారి లేదు.

జేబులో ఫోనుంది. ఇంట్లో ఇంకోటుంది. ఆ బస్సులో పనికిపోయే వాళ్ళలో చాలామంది దగ్గర ఫోన్లున్నాయి గానీ, మాట్లాడేవాళ్ళు మాత్రం లేరు. మిస్సుడు కాలే వాళ్ళ భాష. ఒకసారి మోగి ఆగితే బస్సు దొరికిందని. రెండుసార్లయితే పనిలోకి దిగానని. మూడుసార్లయితే రాత్రి డ్యూటీ కూడా పడింది, అన్నం వండొద్దని. ఎత్తితే బ్యాలెన్సు హరించుకుపోతుంది. కొన్న కొత్తలో సిద్దికా ముచ్చటపడి ఒకసారి ఎత్తింది. ఆ సాయంత్రం సుభానీ ఇల్లు పీకి పందిరేశాడు. "ఇంకోసారి నా ఫోను ఎత్తావో, ఇంట్లో ఫోనే ఉండదు," అన్నాడు. ఆమెకి మాటంటే మాటే. ఆ తర్వాత ఎత్తలేదు.

సుభానీ ఫోను చేశాడు. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేశాడు.

"ఎత్తవే. ఎత్తు తల్లీ," అని గొణిగాడు. మూడోసారీ ఎత్తలేదు.

"అయిపోయిందిరా. పొయ్యి ఆర్పేసుంటది," అని ఏసోబు నవ్వాడు. కిటికీ అద్దం మీద టప్పున చినుకు పడింది. నవ్వు ఆపి తన ఫోను తీశాడు. అతని భార్య కోటిరత్నమూ ఎత్తలేదు. ఆ ఇంట్లోనూ అదే కట్టడి.

కండక్టరు బుల్లయ్య వీళ్ళ అవస్థ చూసి, "దిగి వెనక్కి పోయే బస్సెక్కరాదంటయ్యా?" అన్నాడు.

"మేం పోయేసరికి వాన పోయి తిరిగొస్తదండీ," అన్నాడు సుభానీ. ఏసోబు వైపు తిరిగి, "ఆపొద్దురా. నేను మా ఇంటికి, నువ్వు మీ ఇంటికి. వేళగాని వేళ మోగతా ఉంటే బయటికన్నా వస్తారు," అన్నాడు.

వెనక సీట్లలో ఆ ఊరివాళ్ళే ఇంకో నలుగురున్నారు. కళ్ళం మీద కాయ వాళ్ళకీ ఉంది. వాళ్ళూ ఫోన్లు తీశారు. చీమకుర్తి పొలిమేరకి వచ్చేసరికి బస్సు టాపు మీద వాన దబదబా బాదుతోంది.

ఉన్నట్టుండి సుభానీ చెవిలో రింగు ఆగి ఏడుపు వినిపించింది.

"ఏమయ్యా! బస్సు పడిందా? నీకేమైందయ్యా? మాట్లాడు!"

ఫోనులోనే సిద్దికా వెనక నుంచి కోటిరత్నం గొంతు: "మా ఆయన్నడగవే, మా ఆయనున్నాడా!"

 ఇళ్ళన్నిట్లో ఒక్కసారే ఫోన్లు మోగితే ఆడవాళ్ళు ఏమనుకుంటారో సుభానీకి అప్పటిదాకా తట్టనేలేదు. తేరుకుని, "మాకేం కాలేదే! వానొస్తాంది! కాయల మీద పట్టా..." అంటుండగానే లైను తెగింది. మళ్ళీ చేద్దామంటే సిగ్నలు లేదు.

యూనిట్లో కరెంటు పోయింది. మిషన్లు ఆగిపోయాయి. రేకుల షెడ్డు కింద ఇద్దరూ మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు.

"విన్నదంటావా?" అన్నాడు ఏసోబు.

"ఏమోరా. ఆమె ఏడుపులో నా మాట ఎంత పోయిందో."

సాయంత్రం బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా కళ్ళం దారి పట్టారు. దారంతా బురద. వాన ఇక్కడా దంచిందని పాదాలకే తెలిసిపోయింది. సుభానీ అడుగు ముందుకు పడలేదు. ఏసోబే జబ్బపట్టి లాక్కుపోయాడు.

కళ్ళం మీద పట్టాలు పరిచి ఉన్నాయి. అంచుల మీద రాళ్ళు, రోకళ్ళు, ఎవరిదో నులకమంచం. సిద్దికా, కోటిరత్నం చెరో కొసా పట్టి, లోపలి ఉక్క పోవడానికి పట్టా ఎత్తుతున్నారు.

సిద్దికా దగ్గరకొచ్చి అతని జబ్బలూ చేతులూ తడిమి చూసింది. ఆ తర్వాత అందుకుంది.

"వానొస్తందని చెప్పడానికి ఊళ్ళో ఇంతమందిమి గుండెలు బాదుకోవాలటయ్యా?"

"నువ్వు ఎత్తితేగా!"

"ఎత్తొద్దన్నదెవురు?"

ఏసోబు ఆకాశం చూశాడు. కోటిరత్నం అతన్ని చూసి, "నీ సంగతి ఇంటికాడ చెబుతా," అంది.

"నా మాట వినబడిందా?" అన్నాడు సుభానీ మెల్లగా.

"పట్టా అన్నది ఒక్కటే వినబడింది. గొంతు నీదే. ఉన్నావు గదా, ఇంకేడుస్తా కూర్చునే పనేముంది? అందరం ఉరికాం. ఎవరి కాయని చూళ్ళేదు, ఏది ముందొస్తే అది కప్పుకుంటా పోయాం." ఒక పక్కన విడిగా పోసిన చిన్న కుప్ప చూపించింది. "అంచు వార ఉన్న ఆ కాయ తడిసింది. అంతవరకే."

"రేపట్నుంచి నా ఫోను ఎత్తు."

"చూద్దాంలే," అంది సిద్దికా.

సుభానీ పట్టా కింద చెయ్యి పెట్టి, నట్టనడుమ నుంచి ఒక కాయ తీసి చెవి దగ్గర ఊపాడు. తర్వాత ఆమె చెవి దగ్గరా ఊపాడు. గింజలు గలగలమన్నాయి.