కట్టు విప్పేదాకా

తీసేయాలా అని అడిగితే చాలదు, ఏది పోతుందో కూడా చెప్పాలి, ఆటలో కీలు మార్చుకునే పాత స్క్రీన్‌కి ఉన్న రోగమే అది, జి కీని గుర్రం దూకడానికి పెట్టుకుంటే అంతకుముందు దాని మీదున్న డాలు చప్పుడు చేయకుండా ఊడిపోతుంది, ఆడేవాడికి ఆ సంగతి తెలిసేది యుద్ధం మధ్యలో, కత్తి మీదికి వచ్చాక, డాలు ఎత్తబోతే లేవదు, ఆటగాడికి తెలియకుండా వాడిది ఏదీ పోకూడదండి దీవెన గారూ, అంతే, అని మా టీమ్ లీడ్ లోకనాథ్ గారు పొద్దున్న హైదరాబాద్ నుంచి ఫోన్‌లో అన్నారు, సరేనండి అన్నాను, రాజమండ్రి అద్దె వాటాలో కూర్చుని ఆటల సెట్టింగులు బాగుచేసే ఉద్యోగం నాది, పక్క కుర్చీలో నా తమ్ముడు డేనియల్, ఒళ్ళో దిండు, దిండు మీద మోచేతి దాకా కట్టుకట్టిన కుడిచెయ్యి, ఉప్పాడలో బోటు మీద వల లాగే యంత్రంలో పడ్డ చెయ్యి, చిన్నప్పుడు నా జడ లాగి పారిపోయింది ఆ చేత్తోనే, అక్కా, దీన్ని ఎడమచేత్తో ఆడి చూడనా అంటున్నాడు, చూడరా, నాకూ టెస్టింగ్ అయినట్టుంటుంది.

ఒంటిచేత్తో ఆడేవాళ్ళకని కీలన్నీ ఎడమవైపుకు జరిపి నా తెలివికి నేనే మురిసిపోయాను, మరి మౌస్ ఎవరు పట్టుకుంటారే, పక్కింటివాళ్ళా, అని వీడు నవ్వాడు, నిజమే, రెండు చేతులున్నదానికి ఆ మాట ఎలా తడుతుంది, అప్పుడు మౌస్‌తో చేసే పని, ఆటలో చూపు తిప్పడం కూడా, కీల మీదికే తెచ్చాను, ఇప్పుడు నొక్కుతున్నాడు, గుర్రం వెళ్ళి కంచెకు గుద్దుకుంది, పర్లేదక్కా, ఇదంతా కొన్నాళ్ళే కదా, కొన్నాళ్ళే, ఆ రోజు ఆసుపత్రి వరండాలో డాక్టరు గారు నన్నూ అమ్మనీ పక్కకు పిలిచి నరాలు పూర్తిగా పోయాయమ్మా, ఆ వేళ్ళు ఇక కదలవు అన్నారు, అమ్మ గోడకు ఆనుకుని, వాడికి చెప్పకే, ఉపవాస ప్రార్థన పెట్టిస్తున్నాం కదా, ప్రభువు చూస్తాడు అంది, పాస్టరు గారికి తెలుసు, బేబి పిన్నికి తెలుసు, బోటు యజమాని బంగార్రాజు గారికీ తెలుసు, వీడి స్థానంలో ఇంకొకణ్ణి పెట్టేసుకున్నారు, అదీ వీడికి చెప్పలేదు, ఊరందరికీ తెలిసిన మాట, చెయ్యి ఎవరిదో వాడికి తప్ప, చూడ్డానికి వచ్చినవాళ్ళు తగ్గిపోద్దిలే బాబూ అంటారు, గుమ్మం దాటాక కళ్ళు తుడుచుకుంటారు, వాళ్ళ మీద నాకు కోపం, నా మీద ఇంకా ఎక్కువ, నేనూ అదే నవ్వు నవ్వుతున్నాను కదా.

అక్కా, ఇది పేరు అడుగుతోంది, అన్నాడు, నేను కొత్తగా పెట్టిందే, ఎవరి కీల అమరిక వాళ్ళు పేరు పెట్టి దాచుకోవచ్చు, నీ ఇష్టంరా అన్నాను, నాలుక పంటి కింద పెట్టుకుని, ఎడమ చూపుడువేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు, కట్టు విప్పేదాకా, తర్వాత దీన్ని తీసేసే బటన్ కూడా పెట్టక్కా, మళ్ళీ పాతదే వచ్చేయాలి, అప్పుడు చూద్దువుగాని నా ఆట, అంటున్నాడు, ఫోన్ మోగుతోంది, అమ్మ, ప్రార్థన అయిపోయిందేమో, వాడితో ఏమీ అనలేదు కదా అని అడగడానికే, ఎత్తలేదు, తెర మీద నేను రాసిన హెచ్చరిక అలాగే ఉంది, ఈ కీ మీదున్న పని పోతుంది, మీకు సమ్మతమేనా, ఆటలో ఒక డాలు పోతే ముందే చెప్పాలని వారం నుంచి తల బద్దలు కొట్టుకుంటున్నాను, వీడి చెయ్యి పోతే ఒక్కరమూ నోరు విప్పలేదు, కాపాడుతున్నాం అనుకున్నాంగాని, కత్తి మీదికి వచ్చేదాకా ఊరుకుంటున్నాం, కట్టు విప్పిన రోజున, అందరి ముందూ, ఎత్తబోతే లేవని వేళ్ళని చూసుకుంటూ, వీడొక్కడే తెలుసుకుంటాడు, ఫోన్ ఆగిపోయింది, డేనియల్, ఆ కీబోర్డు కాస్త పక్కన పెట్టరా, నీ చెయ్యి గురించి డాక్టరు గారు ఏమన్నారో చెప్తాను.