మంగళవారం పెట్టెకు మూడో తాళం

నేను ఒక తాళం కప్పను. ఇత్తడి ఒళ్ళు, ఉక్కు కొండీ, పిడికిట్లో పట్టేంత ఆకారం. ఏ దేశంలో తయారయ్యానో నా పొట్ట మీద చెక్కి ఉండేది. సముద్రపు ఉప్పుగాలి ఆ అక్షరాలను ఎప్పుడో నాకేసింది. పుట్టిన ఊరు గుర్తులేదు కానీ పుట్టిన క్షణం బాగా గుర్తు. ఒక యంత్రం నా కడుపులో సన్నటి స్ప్రింగులు అమర్చి, తాళంచెవి దూర్చి, మొదటిసారి తిప్పింది. 'టక్' మన్నాను. నా గొంతు నాకే భలే ముద్దొచ్చింది.

మనుషులు మమ్మల్ని దొంగల కోసం కొంటున్నామని చెప్పుకుంటారు. అసలు దొంగ మమ్మల్ని చూసి జాలిపడి, పక్కన కిటికీ ఉందేమోనని వెతుక్కుంటాడు. మేం ఎక్కువగా కాపలా కాసేది, ఒకరి మీద ఒకరికి నమ్మకం ఉందని చెప్పుకునే మనుషుల మధ్యనే.

నన్ను అమ్మింది ఘానా దేశపు కోస్తాలో, ఒక సంత వీధిలో. కొన్నది మాన్సా ఆంటీ. కేప్ కోస్ట్ పట్నానికి కాస్త ఇవతల, చేపలకు పొగబెట్టి అమ్ముకునే ఆడవాళ్ళ వాడ ఒకటి ఉంది. అక్కడి పొదుపు సంఘానికి ఆవిడ పెద్ద. గొంతు కూడా పెద్దదే.

"సంఘం పెట్టెకు మూడు తాళాలు కొంటున్నాను. నాలుగోది ఊరికే ఇయ్యి," అంది కొట్టువాడితో.

"నాలుగోది దేనికమ్మా? పెట్టెకు మూడే కదా కన్నాలు!"

"నీ నోటికి వేస్తాను."

అతను నవ్వి ధర తగ్గించాడు. అలా మేం ముగ్గురం ఒక ఇనుప పెట్టెకు చేరాం. మూడు తాళాల మూడు చెవులు మూడు ఇళ్ళలో ఉంటాయి. ముగ్గురూ వస్తే తప్ప పెట్టె తెరుచుకోదు. మొదటిది మాన్సా ఆంటీది. రెండోది సంతలో ఉల్లిపాయలమ్మే ఒక నోరులేని మనిషిది. మూడో తాళాన్ని నేను. నా చెవి అరబా ఆంటీ నడుము గుడ్డ కొసన ముడివేసి ఉండేది.

ఆ తీరంలో మంగళవారం ఎవరూ పడవ దించరు. వారమంతా ఇచ్చిన సముద్రానికి ఆ రోజు సెలవు. అందుకని సంఘం ఆ రోజే కూడేది. కొబ్బరాకుల పందిరి కింద ఆడవాళ్ళంతా పొగ వాసన వేస్తూ కూర్చుని, డబ్బు కంటే ముందు ఒకరి సంగతులు ఒకరు లెక్కపెట్టుకునేవారు. ఎవరు చిక్కారు, ఎవరు కొత్త గుడ్డ కట్టారు, ఎవరి మొగుడు అలిగాడు. పొదుపు అనే పని ఈ కబుర్ల మధ్య ఎప్పుడు జరిగేదో నాకే తెలిసేది కాదు.

ఆ సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. రోజువారీ పొదుపు పక్కన, ఆపద కోసం వేరే సంచి ఒకటి పెట్టెలో ఉండేది. ఆ సంచిలోంచి ఎవరూ తన కోసం తాను అడగకూడదు. పక్కనున్న మనిషి గమనించి, లేచి నిలబడి, ఆమె తరఫున అడగాలి. "మా పక్కింటామె నెల నుంచి దగ్గుతోంది, నేను అడుగుతున్నాను," అని ఎవరో ఒకరు లేవాలి. దగ్గుతున్న మనిషి మాత్రం "నాకేం కాలేదే తల్లీ, కూర్చో" అని కసురుకోవాలి. ఆ కసురుకోవడం కూడా ఆచారమే.

ఆ పందిరి కిందికి ఒక మంగళవారం ఏకువా వచ్చింది. కొత్త పెళ్ళికూతురు. పట్నంలో కాలేజీ చదువు చదివి, ఈ వాడలో వ్యాను నడిపే ఎబోను ప్రేమించి పెళ్ళాడింది. అంత సులువుగా సంతోషపడే మనిషిని నేను చూడలేదు. ఆకులో చుట్టిన వేడి వేడి మొక్కజొన్న ముద్ద విప్పుతుంటే ఆవిరి ముఖానికి తగిలినా నవ్వేది. ఎబో వీధి మలుపులో రెండుసార్లు హారన్ కొడితే, మాట మధ్యలో వదిలేసి పరుగెత్తేది.

"ఏమే, ఆ వ్యాను నీకోసమే కనిపెట్టారా?" అని మాన్సా ఆంటీ ఎగతాళి చేసేది.

"అవునాంటీ, మిగతావాళ్ళు ఊరికే ఎక్కుతున్నారు!"

అరబా ఆంటీకి ఆ పిల్ల మీద ఎక్కడలేని ప్రేమ. చేపలకు పొగబెట్టడం నేర్పింది. ఇనుప వల బిగించిన చెక్క చట్రాలను మట్టి పొయ్యి మీద ఒకదానిపై ఒకటి పేర్చడం, పైది కిందికి కిందిది పైకి మార్చడం, కంట్లోకి పొగ రాకుండా గాలి ఎటుందో చూసుకోవడం. ఏకువా చట్రం ఎత్తిన ప్రతిసారీ దగ్గి, తుమ్మి, ఏడ్చి, ఆ ఏడుపుకి మళ్ళీ నవ్వేది.

అప్పటికే నాకో సంగతి తెలుసు. అరబా ఆంటీ చేతిలోని తాళంచెవి నా కన్నాన్ని తప్పుతోంది. మొదట్లో కాస్త పక్కకు తగిలి సర్దుకునేది. తరువాత్తరువాత నా ముఖమంతా గీతలు పడ్డాయి. ఆంటీ బొటనవేలితో కన్నం తడిమి, ఆ వేలి పక్కనుంచి చెవిని జార్చేది.

"ఈ కప్పకు తుప్పు పట్టింది," అనేది, అందరూ వినేటట్టు.

మాన్సా ఆంటీ వెంటనే నా నోట్లో కొబ్బరినూనె పోసేది. ప్రతివారం పోసింది. నా ఆరోగ్యం నిక్షేపంగా ఉంది. అయినా నూనె తాగాను. తాళాలకు నోరుంటుంది కానీ మాట ఉండదు.

ఆ గీతలను చూసిన మనిషి ఇంకొకరున్నారు. ఏకువా. అరబా ఆంటీ పక్కనే కూర్చునేది కాబట్టి వేలు తడమడం ఆమె కంటపడింది. జాలిపడింది. అయ్యో, అందరి ముందూ ఆంటీ ఎంత ఇబ్బంది పడుతోందో అనుకుంది. లేచి నిలబడి అడగలేదు. అంతకన్నా మంచి ఆలోచన వచ్చిందని పొంగిపోయింది.

ఆమె పట్నంలో పనిచేసే చిన్న కంపెనీ, ఇలాంటి సంఘాల కోసం ఒక మొబైల్ యాప్ తయారు చేస్తోంది. ఇంట్లో కూర్చుని డబ్బు కట్టవచ్చు. పెట్టె మోయక్కర్లేదు. దోపిడీ భయం లేదు. ఏకువా పందిరి కింద ఫోను ఎత్తి చూపించింది.

"వేలిముద్ర పెడితే చాలు. కట్టగానే పేరు పక్కన పచ్చ టిక్కు వస్తుంది. ఆంటీ, చూడు, కన్నం వెతుక్కునే పనే లేదు!"

ఆ చివరి మాట అరబా ఆంటీకి మాత్రమే వినపడేటట్టు, గారంగా అంది. ఆంటీ ఆమె బుగ్గ గిల్లింది. "నా బంగారు తల్లీ," అంది. ఆ గొంతులోని ఊరట నాకు వినపడింది. ఏకువాకు మెచ్చుకోలు వినపడింది.

యాప్‌లో ఆపద సంచి కూడా ఉంది. అక్కడొక బటన్. 'నాకు సాయం కావాలి' అని రాసి ఉంటుంది. తయారుచేసిన కుర్రవాళ్ళకు అది ఎంతో మర్యాదైన బటన్ అనిపించింది. ఎవరి నోటా అడిగించుకునే అవసరం లేకుండా ఎవరి కష్టం వాళ్ళే చెప్పుకోవచ్చు. ఏకువాకూ అలాగే అనిపించింది.

నిజం చెప్పాలంటే యాప్ మంచిదే. డబ్బు పోలేదు. లెక్క తప్పలేదు. వర్షంలో ఎవరూ పందిరి దాకా రావలసిన పని లేకపోయింది. రాను రాను వర్షం లేనప్పుడూ రావలసిన పని లేకపోయింది. మమ్మల్ని ఖాళీ పెట్టెతో సహా ఏకువా తన ఇంటికి తెచ్చుకుంది. పెట్టె మీద పూలగుడ్డ పరిచి, కాఫీ కప్పులు పెట్టుకునే బల్లగా మార్చింది. తాళం చెవులు మాకే దారంతో కట్టి వదిలేసింది. కొత్త కాపురంలో నాకూ ఒక పాత్ర దొరికిందని సంబరపడ్డాను. మొగుడూ పెళ్ళాలు ఒకే కప్పులోంచి కోకో తాగడం చూశాను. ప్రతి మంగళవారం ఏకువా ఫోను చూసుకుని, "ఎబో! అందరికీ పచ్చే! అరబా ఆంటీ అందరికంటే ముందు!" అని చప్పట్లు కొట్టడం విన్నాను.

అలా ఒక ఏడాది గడిచిపోయింది.

ఒక పొద్దున అరబా ఆంటీయే ఏకువా ఇంటికి వచ్చింది. గుమ్మం పట్టుకుని లోపలికి అడుగు పెట్టింది.

"నీ యాప్ నన్ను గుర్తుపట్టడం లేదే పిల్లా. వేలు పెడితే కాదంటోంది. ఇన్నాళ్ళ స్నేహం మరిచిపోయింది."

ఏకువా నవ్వుతూ ఆ చేయి అందుకుంది. నవ్వు ఆగిపోయింది. బొటనవేలి చర్మం కాలి, మడత పడి ఉంది. మోచేతి దాకా పొక్కులు.

"ఇదేంటాంటీ?"

"చట్రం పొయ్యి అంచు మీద పెట్టాననుకున్నాను. అంచు అక్కడ లేదు. చేపలతో సహా నిప్పుల్లో పడింది. పెద్ద చేపలే పాపం."

ఏకువా కోకో కలిపి తెచ్చి, పెట్టె మీద, నాకు కాస్త పైన పెట్టింది. ఆంటీ కప్పు కోసం చేయి చాపింది. ఆ చేయి కప్పును దాటి, పూలగుడ్డను దాటి, వచ్చి నా మీద పడింది. ఒక్కసారి ఆగింది. బొటనవేలు అలవాటుగా నా కన్నాన్ని తడిమింది.

"ఓహో, నువ్వా? ఇక్కడున్నావా!" అంది ఆంటీ. పాత పొరుగుమనిషిని పలకరించినట్టు.

ఏకువా ఆ చేతినే చూస్తూ నిలబడిపోయింది. వీధి మలుపులో రెండుసార్లు హారన్ మోగింది. ఆమె కదల్లేదు.

ఆ రోజే ఎబో వ్యానులో పట్నం కళ్ళాసుపత్రికి తీసుకెళ్ళారు. తిరిగి వచ్చాక ఏకువా మొగుడికి చెప్పుకుంటుంటే విన్నాను. నీటికాసులు. కంట్లో ఒత్తిడి పెరిగి, చూపునిచ్చే నరాన్ని చడీచప్పుడు లేకుండా ఎండబెట్టే జబ్బు. కుడికన్ను పూర్తిగా పోయింది. ఎడమది సగం పోయింది. పోయింది రాదు. మిగిలిన సగాన్నయినా నిలబెట్టాలంటే ఆపరేషన్ చెయ్యాలి, ఆ తరువాత బతికినన్నాళ్ళూ చుక్కలమందు వెయ్యాలి.

"ఒక కన్ను పోతున్నవాళ్ళకు దగ్గరి దూరాలు తెలియవట. తాళం కన్నం, గిన్నె అంచు. ఏడాది ముందు తెచ్చి ఉంటే ఎడమకన్ను మొత్తం దక్కేదట, ఎబో. ఏడాది ముందు నేను చూశాను."

"చూస్తే? నీకేం తెలుసు అది జబ్బని?"

"జబ్బని తెలియక్కర్లేదు. లేచి నిలబడితే చాలు. నేను ఆ తాళమే లేకుండా చేశాను."

ఎబో వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. మంచి మొగుడు.

మంగళవారం ఏకువా వాడంతా తిరిగి అందరినీ పందిరి కిందికి పిలిచింది. మమ్మల్ని కూడా మోసుకెళ్ళి మధ్యలో పెట్టింది. పెట్టె లేకపోతే ఎటు తిరిగి కూర్చోవాలో వాళ్ళకు తోచలేదు మరి. అరబా ఆంటీ ఒక పక్కన, ముఖం పక్కకు తిప్పుకుని, మిగిలిన ఆ కాస్త చూపుతో అందరినీ ఏరుకుంటోంది.

సంగతి విన్నాక మాన్సా ఆంటీ అడిగింది. "బటన్ ఉంది కదే అరబా? నొక్కకపోయావా?"

"నువ్వు నొక్కుతావా?" అంది అరబా ఆంటీ.

మాన్సా ఆంటీ తన ఫోనును ఒళ్ళో బోర్లించింది. అంత మంది ఆడవాళ్ళున్నారు, ఒక్కరి ఫోనులోనూ ఆ బటన్ మీద వేలు పడలేదు. ఎలా పడుతుంది? తన కోసం తాను అడగడం అంటే వాళ్ళకు సంతలో గుడ్డ విప్పుకున్నంత సిగ్గు.

ఏకువా లేచి నిలబడింది. "అరబా ఆంటీ కంటికి ఆపరేషన్ కావాలి. నేను అడుగుతున్నాను," అంది. అక్కడితో కూర్చోవచ్చు. కూర్చోలేదు. "ఏడాది ముందే అడగాల్సింది. తాళంచెవి కన్నం తప్పుతుంటే చూశాను. ఆంటీకి సిగ్గు కాకుండా చూద్దామనుకున్నాను. మీకెవరికీ కనపడకుండా చేశాను."

మాన్సా ఆంటీ, అంత గొంతున్న మనిషి, పక్కవాళ్ళకే వినపడేటట్టు అంది. "నూనె పోసింది నేను. తుప్పు లేదని నా చేతికి తెలుస్తూనే ఉంది."

అప్పుడు అరబా ఆంటీ కసురుకుంది. "నాకేం కాలేదే తల్లీ, కూర్చో!" తరువాత మామూలు గొంతుతో అంది. "దాచుకున్నది నేను. కన్ను పోతోందంటే నా తాళంచెవి ఇంకొకరికి ఇచ్చేస్తారని భయపడ్డాను. నువ్వు ఫోను తెస్తే బతికిపోయాననుకున్నాను. నీ చాటున దాక్కున్నాను పిల్లా."

ఆ మాట ఏకువా బరువు దించుతుందని అనుకున్నాను. దించలేదు. దాక్కున్న మనిషికి చోటిచ్చింది తానేనని ఆమెకు ఇంకా బాగా అర్థమైందంతే.

డబ్బు యాప్‌లోంచి అప్పటికప్పుడే వచ్చింది. అంత వేగంగా పెట్టెలోంచి వచ్చేది కాదని నేనూ ఒప్పుకోవాలి. ఆపరేషన్ జరిగింది. మంగళవారాలు మళ్ళీ మొదలయ్యాయి. కట్టడం ఫోనులోనే, కూర్చోవడం పందిరి కింద.

నన్ను మాత్రం అరబా ఆంటీ అడిగి తీసుకుంది. తన పొగగుడిసె తలుపుకు వేసుకుంది. ఇప్పుడు నాకెదురుగా సముద్రం. ఏకువా ఆఫీసుకు వెళ్ళేముందు రోజూ వచ్చి ఆంటీ కంట్లో చుక్కలు వేస్తుంది. వేసి, ఆంటీతో పాటు గుమ్మంలో నిలబడి పడవలు రావడం చూస్తుంది. ముందులాగా చప్పట్లు కొట్టదు. కానీ ఒక్కోసారి నవ్వుతుంది.

ఇవాళ పొద్దున ఆంటీ నన్ను తెరిచి, చేతిలోనే పట్టుకుని సముద్రం వైపు చూసింది.

"అదుగో, ఆకుపచ్చ పడవ. ఇవాళ వాళ్ళకు చేప బాగా పడినట్టుంది, పడవ లోతుగా దిగింది."

ఏకువా చూసింది. నేనూ చూశాను. 'అవునాంటీ' అనే మాట ఆమె గొంతు దాకా వచ్చింది. దయగా, మెత్తగా, ఎంత సులువైన మాటో! పెదవులు విడిపోయాయి కూడా.

"కాదాంటీ," అంది. "అది ఎర్ర పడవ."

ఆంటీ వేళ్ళు నా చుట్టూ బిగుసుకున్నాయి.

"ఎర్రదా?"

"ఎర్రదే. నిన్న నువ్వు నీలం అన్నది కూడా నీలం కాదు. తెల్లది. నిన్న నేను అవునన్నాను." ఏకువా ఆంటీ వైపు తిరిగింది. "అనకుండా ఉండాల్సింది."

ఎర్ర పడవ ఒడ్డుకు దగ్గరైంది. తట్టలు పట్టుకుని ఆడవాళ్ళు నీళ్ళలోకి పరుగెత్తుతున్నారు.

"అయితే చుక్కలు సరిపోవడం లేదన్నమాట."

"తెలియదాంటీ. డాక్టరు చూడాలి."

"ఎప్పుడు?"

"ఇవాళే. ఎబో వ్యాను ఇంకా వీధిలోనే ఉంది."

ఆంటీ తలుపు మూసి, నన్ను గొళ్ళేనికి తగిలించింది. నడుము గుడ్డ సర్దుకుంది. కోప్పడుతుందేమోనని ఏకువా ఎదురుచూసింది. కోప్పడితే బాగుండునని కూడా ఎదురుచూసిందని నాకనిపించింది. ఆంటీ ఆ పిల్ల భుజం మీద చేయి వేసి, బరువంతా దాని మీద పెట్టి, వీధి వైపు నడిచింది.

పడవ ఇసుకకు తగిలింది. "అరబా! ఏయ్ అరబా! పెద్ద చేపలే!" అని ఒడ్డు మీంచి పేరు పెట్టి కేకలు వేశారు. ఆమె వెనక్కి తిరగలేదు.