పిడికెడు కందిపప్పు

తిరునెల్వేలి వాళ్లకి నీళ్ల గర్వం కాస్త ఎక్కువే, ఒప్పుకోవాలి. తామ్రపర్ణి నీళ్లు తాగి పెరిగిన నోరు ఇంకే ఊరి నీళ్ల గురించీ మంచిమాట చెప్పదు. అందులోనూ అది ఇసక్కియమ్మాళ్ నోరు! కోడలు కాంతిమతికి చెన్నైలో సర్కారు ఉద్యోగం వచ్చిందని తెలిసిన సాయంత్రమే, వీధికుళాయి దగ్గర ఆడవాళ్లందరూ బిందెలతో నిలబడి ఉండగా ఆవిడ గొంతెత్తి చెప్పేసింది.

"ఆ ఉప్పునీళ్లకి పప్పు ఉడకని ఊళ్లో నేను కాపురం చెయ్యనే తల్లీ! పప్పు ఉడికే ఇల్లు దొరికితే వస్తా, లేదంటే నా ఇంట్లో నేనుంటా. అమ్మవారు ముత్తారమ్మ మీద ఒట్టు."

ఆ మాట వినగానే కాంతిమతి గుండెల్లో రాయి పడింది. మూడేళ్ల ఉమను చూసుకోవడానికి అత్తగారు తప్ప వేరే దిక్కు లేదు. మొగుడు నెల్లయప్పన్ టైలరు, మిషను ఎక్కడ వేసుకున్నా నాలుగు జాకెట్లు కుట్టి బతుకుతాడు. కానీ పొద్దస్తమానం మిషను తొక్కేవాడు పిల్ల వెనకాల పరిగెత్తగలడా? కాంతిమతి నాలుగుసార్లు తప్పి అయిదోసారి గట్టెక్కిన పరీక్ష ఇది. పదో తారీకులోగా ఎగ్మోర్ ఆఫీసులో చేరకపోతే ఆ కుర్చీ ఇంకొకరిది. అత్తగారు రాకపోతే ఉద్యోగం లేదు, అంతే సంగతులు.

అలా ఒక ఆదివారం తెల్లవారుతుండగా, ఉమను తండ్రి దగ్గర వదిలి, అత్తాకోడళ్లిద్దరూ తాంబరంలో రైలు దిగారు. ఇసక్కియమ్మాళ్ చేతిలో గుడ్డసంచి, అందులో ఒక చిన్న సత్తుగిన్నె, మూత, చిరుగుపాత గుడ్డలో మూటగట్టిన కందిపప్పు.

బ్రోకరు తణికాచలం స్కూటరు మీద ఎదురొచ్చాడు. మనిషి మంచివాడే, కాకపోతే నోరు మూయడు. "ఎగ్మోర్‌కి దగ్గరగా కావాలా చెల్లెమ్మా? బ్రహ్మాండమైన ఇళ్లున్నాయి. నెలకి పాతికవేలు!"

"ఎనిమిది దాటితే మావల్ల కాదన్నా."

"ఎనిమిదా? ఎనిమిదికైతే చెన్నై అయిపోయిన అరగంటకి దొరుకుతుంది. పదండి, చూపిస్తా." అంటూనే అతని చూపు గుడ్డసంచి మీద పడింది. "అదేంటి పెద్దమ్మా, మధ్యాహ్నానికి అన్నమా?"

"పప్పు. నువ్వు చూపించే ప్రతి ఇంట్లోనూ అక్కడి నీళ్లతో ఉడకేస్తా."

"ఇక్కడందరూ వంటకి క్యాన్ నీళ్లు కొనుక్కుంటారు పెద్దమ్మా. బోరు నీళ్లతో వండేవాళ్లు ఎవరున్నారు?"

"నీళ్లు కొనుక్కోవడమా!" ఇసక్కియమ్మాళ్ ముక్కున వేలేసుకుంది. "రేపు గాలి కూడా కొనమంటావు. నడువ్, నడువ్."

మొదటి ఇల్లు గూడువాంచేరిలో. లోకల్ రైల్లో వెళ్లి స్టేషన్లో దిగాక ఆటో ఎక్కుదామంటే అత్తగారు వినలేదు. నడిచే వెళ్లాలట. కాంతిమతి మనసులో పళ్లు నూరుకుంది. ఇరవై రూపాయల దగ్గర ఇంత పిసినారితనమా! ఎండలో ముసలావిడ ముందు నడుస్తోంది, పెదవులు కదులుతున్నాయి. ముత్తారమ్మను తలుచుకుంటోంది కాబోలు, ఒట్టు బాగా బిగించమని. నడిచి నడిచి ప్రాణం పోయింది. తీరా చూస్తే ఇల్లు ఎంత బాగుందో! మెరిసే నేల, రెండు పెద్ద గదులు, వంటింట్లో పిల్ల ఆడుకునేంత చోటు. ఉమ ఆ నేల మీద జారుతూ కేరింతలు కొడుతున్నట్టే అనిపించింది కాంతిమతికి.

ఇసక్కియమ్మాళ్ మాత్రం గోడలకేసి చూడలేదు. ఆ ఇంటావిడ దగ్గర పొయ్యి అడిగి, బోరు నీళ్లు పోసి, గుప్పెడు పప్పు వేసి కూర్చుంది. "కుక్కరు ఇవ్వనా అమ్మా?" అని ఆవిడ అడిగితే "కుక్కర్లో రాళ్లయినా ఉడుకుతాయి" అంది. ముప్పావుగంట అయింది. పప్పు గింజ పళ్ల మధ్య పెట్టి కొరికితే టక్కుమంది.

"ఈ ఇల్లు వద్దు," అంది ఇసక్కియమ్మాళ్.

రెండో ఇల్లు ఊరప్పాక్కంలో. మళ్లీ నడక, మళ్లీ కదిలే పెదవులు. మూడో అంతస్తు. ఇంటాయన పప్పుగిన్నె చూడగానే కస్సుమన్నాడు. "ఇల్లు చూడ్డానికొచ్చారా, వంట చెయ్యడానికొచ్చారా?"

"ఇల్లు చూడ్డానికి కళ్లు చాలు నాయనా. ఉండడానికి కడుపు కూడా ఒప్పుకోవాలి," అంది ఆవిడ, ఆయన పొయ్యి ఆయన్నే వెలిగించమని చెప్పి. పాపం, వెలిగించాడు. అక్కడా పప్పు ఉడకలేదు.

మధ్యాహ్నం రెండయింది. తణికాచలం తల పట్టుకున్నాడు. "పెద్దమ్మా, పదిహేనేళ్లుగా ఈ పని చేస్తున్నా. వాస్తు అడిగినవాళ్లని చూశా, దయ్యాలున్నాయా అని అడిగినవాళ్లని చూశా. పప్పుతో నన్ను ఏడిపించింది నువ్వొక్కదానివే. ఇక నా దగ్గరున్నది ఒకటే. పెరుంగళత్తూర్. బాగుండదు, ముందే చెప్తున్నా."

బాగుండదన్నది నిజమే. స్టేషను వెనకాల సందులో పాత పెంకుటిల్లు, దాని వెనక వాటా. రెండు చిన్న గదులు, పెచ్చులూడిన గోడలు, పెరట్లో ఒక కరివేపాకు చెట్టు. రైలు వెళ్లినప్పుడల్లా గిన్నెలు గలగలమంటాయి, మాట్లాడేవాళ్లు నోరు తెరిచి అలాగే ఆగిపోవాలి. అద్దె ఏడున్నర వేలు. ఇంటావిడ పేరు వసంతకోకిలం, ఒంటరి మనిషి. చిన్నపిల్ల ఉందని వినగానే ఆవిడ మొహం చాటంతయింది.

"నీళ్లెలా ఉంటాయమ్మా?" అడిగింది ఇసక్కియమ్మాళ్.

"నీళ్లా? బాగానే ఉంటాయి," అంది వసంతకోకిలం కరివేపాకు చెట్టుకేసి చూస్తూ. "ఉండండి, నేనే పట్టుకొస్తా."

ఆవిడ తెచ్చిన నీళ్లతో పప్పు పొయ్యెక్కింది. ఇదే ఆఖరి ఇల్లు. సాయంత్రం రైలెక్కితే అంతా అయిపోయినట్టే. కాంతిమతి కొంగుముడిలో ఎలాంటి నీళ్లలోనైనా పప్పును ఉడికించే వంటసోడా చిటికెడు ఉంది. దారిలో మంచినీళ్ల సీసా కొంటానని చెప్పి సందుచివర కొట్లో కొన్న సోడా అది. కాపురానికొచ్చాక అత్తగారిని ఏనాడూ మోసం చెయ్యలేదు. అత్తగారు కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లగానే మూత తీసి సోడా గిన్నెలో పడేసింది. తల్లీ ముత్తారమ్మా, కళ్లు మూసుకో.

కాళ్లు కడుక్కొని వచ్చిన ఇసక్కియమ్మాళ్ ఇద్దరినీ తరిమింది. "కాంతీ, నువ్వు స్టేషనుకి పోయి ఎగ్మోర్ నించి సాయంత్రం బళ్లు ఎన్నింటికొస్తాయో కనుక్కునిరా. నువ్వు కూడా పో నాయనా, ఆడపిల్ల ఒక్కతీ ఎందుకు?"

పావుగంటలో తిరిగొచ్చేసరికి వంటిల్లంతా నురగ. గిన్నెలో పప్పు పొంగి, మూతను తోసేసి, పొయ్యి మీదుగా కారి గట్టు మీద ఊరేగుతోంది. గింజ అన్నది మచ్చుకైనా లేదు. రంగు మాత్రం బురదరంగు.

"ఉడికింది! దేవుడా, ఉడికింది!" తణికాచలం ఎగిరి గంతేసి గరిటెడు తీసుకుని నోట్లో వేసుకున్నాడు. మొహం ఒక్కసారిగా మాడిపోయింది. పెరట్లోకి పరిగెత్తి ఉమ్మేశాడు. "సబ్బు! పెద్దమ్మా, సబ్బు తిన్నట్టుంది!"

ఇసక్కియమ్మాళ్ మెల్లగా తిరిగి కోడలి మొహంలోకి చూసింది. "కాంతీ, సోడా వేశావా?"

కాంతిమతి కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. "వేశానత్తయ్యా. తప్పయిపోయింది. నాకీ ఉద్యోగం కావాలి. మీరు రాకపోతే నేను రాలేను."

"ఎంత వేశావ్?"

"చిటికెడు."

"చిటికెడుకి ఇంత పొంగదే పిచ్చిదానా!" ఇసక్కియమ్మాళ్ నడుం దగ్గర దోపుకున్న కాగితం పొట్లం తీసి పొయ్యిగట్టు మీద పెట్టింది. "నేనూ వేశా. రెండు చిటికెలు."

అప్పుడు వసంతకోకిలం నెత్తి కొట్టుకుంది. "అయ్యో, సోడా ఎందుకు వేశారమ్మా ఇద్దరూ! నేను మీకిచ్చింది బోరు నీళ్లు కాదు, నా క్యాన్ నీళ్లు! నాలుగు నెలల్నించి వాటా ఖాళీగా ఉంది, మాట్లాడే మనిషి లేదు, ఏం చెయ్యమంటారు?"

ముందు నవ్వింది తణికాచలం. తర్వాత ఎవరు ఎప్పుడు మొదలుపెట్టారో తెలీదు. ఇసక్కియమ్మాళ్ గోడకి చేరబడి పొట్ట పట్టుకుని నవ్వింది. పెరటి వెనకనించి రైలు వెళుతుంటే ఆ రొదలో నవ్వులు వినపడకుండా నోళ్లు మాత్రం తెరుచుకుని కనపడ్డాయి, దాంతో ఇంకా నవ్వొచ్చింది.

నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంటుండగా కాంతిమతి ఆ పొట్లం చూసింది. దాని మీద ముప్పిడాతి కిరాణా కొట్టు ముద్ర ఉంది. తిరునెల్వేలిలో తమ వీధి మలుపులో ఉన్న కొట్టు.

"అత్తయ్యా! ఇది ఊళ్లో కొన్నారా? రైలెక్కక ముందే?"

"మరి? కుళాయి దగ్గర నోటికొచ్చినట్టు వాగేశా. అనేశాక ఏం చెయ్యను? పక్కింటి పేచ్చి ముందు, వీధి వీధంతటి ముందు మాట వెనక్కి తీసుకోమంటావా?"

"అయితే పొద్దున్న ఆ రెండిళ్లలో ఎందుకు వెయ్యలేదు? ఆ మొదటిది ఎంత బాగుందో!"

"బాగుంది లేవే, తలకాయ! స్టేషన్నించి ఆ ఇంటికి ఎన్ని అడుగులో తెలుసా నీకు? నాలుగువేల దాకా లెక్కపెట్టి విసుగొచ్చి మానేశా. రెండోదానికి రెండువేల తొమ్మిదొందలు, పైన మూడంతస్తుల మెట్లు. పొద్దంతా ఆఫీసులో పనిచేసి, రైల్లో నిలబడి వచ్చి, అదంతా నడిచి నువ్వు ఇల్లు చేరేసరికి పిల్ల నిద్రపోయి ఉంటుంది. ఉమకి నువ్వు ఆదివారం ఆదివారం కనపడే అమ్మవి కావాలా?" ముసలావిడ గుమ్మం వైపు చెయ్యి చూపించింది. "దీనికి నాలుగొందల ఇరవై అడుగులు. నీ రైలు కూత ఇంట్లోకి వినిపిస్తుంది. కూత వినగానే పిల్లని చంకనేసుకుని గుమ్మంలో నిలబడతా."

కాంతిమతి పొద్దుటినించి ఆ కదిలే పెదవులు చూసి మనసులో తిట్టుకున్నది గుర్తొచ్చి, సిగ్గూ సంతోషమూ ఒక్కసారే కమ్ముకొచ్చి, అత్తగారి భుజం మీద తల పెట్టేసింది. "చాల్లే, చాల్లే, ఉక్కపోస్తోంది," అంది ఇసక్కియమ్మాళ్, కానీ జరగలేదు.

తర్వాత కోడలి ఫోను అడిగి తీసుకుని ఊళ్లో పేచ్చికి ఫోన్ చేసింది. "ఒసే పేచ్చీ, ఉడికిందే! ఎలా ఉడికిందనుకున్నావ్, గరిటె కూడా అక్కర్లేదు. నోట్లో వేసుకున్నవాడు ఎగిరి గంతేశాడంటే నమ్ముతావా? ఒట్టు! అందరికీ చెప్పు."

ఫోను పెట్టేసి, మాడిపోయిన గిన్నె తోముతున్న వసంతకోకిలం వైపు తిరిగింది. గొంతు బాగా తగ్గించింది, అయినా కాంతిమతికి వినిపించింది.

"ఏమ్మా, నీకు క్యాన్ నీళ్లు వేసేవాడి నంబరు ఇవ్వవూ?"