కోరిక తీర్చకపోతే

పొద్దున పెట్టిన అన్నం పళ్లెంలోనే పులిసింది. దాని మీద ఈగలు ముసురుతుంటే నర్సింగమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. కోడలు అండాలు గోడకు ఆనుకుని, ఆరో నెల కడుపును ఎవరిదో మూట మోస్తున్నట్టు ఒడిలో పెట్టుకుని కూర్చుంది. జుట్టు అట్టలు కట్టింది. చీర మార్చి ఎన్నాళ్లయిందో.

"ఛీ, ఇల్లంత కంపు. జర రెండు బుక్కలు తిను బిడ్డా."

"సయిస్తలేదత్తా. కూడు కాదు, బతుకే సయిస్తలేదు."

"వేవిళ్లంటే గట్లనే ఉంటది."

వేవిళ్లు మూడో నెలలోనే ఆగిపోయాయని ఇద్దరికీ తెలుసు. కానీ కేతేపల్లిలో కడుపుతో ఉన్న ఆడదానికి ఉండేవి రెండే: వేవిళ్లు, కోరికలు. మూడోదానికి పేరు లేదు.

కోరికంటే మాత్రం ఇంటిల్లిపాదీ పరుగే. తీర్చకపోతే పుట్టే బిడ్డ చెవుల్లో చీము కారుతుందని భయం. కొడుకు మైసయ్య నల్లగొండ నుంచి మోసుకొచ్చిన బత్తాయిలు మూలన కుళ్లి రసం కారుస్తున్నాయి. అండాలు ఒక్కటీ ముట్టలేదు.

ఉన్నట్టుండి ఆమే నోరు విప్పింది. "చేన్ల బాయి నీళ్లు తాగబుద్ధయితాంది. నేనే పోయి తాగొస్త. ఒక్కదాన్నే."

మైసయ్య పకపకా నవ్వాడు. "కొత్తగ ఏసిన బోరింగు నీళ్లు చేదయినయా దొరసానికి? పోనియ్యమ్మా. రేపు నా కొడుకు చెవుల చీము కారితే నువ్వు కడుగుతవా?"

నర్సింగమ్మా నవ్వింది. ఇన్నాళ్లకు కోడలు గడప దాటిందని సంబరపడింది కూడా. పులిసిన అన్నం పారబోద్దామని వంగినప్పుడు, తలుపు వెనక బొక్కెన కనబడింది. దాని పక్కనే చుట్టిన తాడు.

ఆ బావికి మెట్లు లేవు. తాడు లేకుండా ఆ నీళ్లు ఎట్లా తాగుతుంది?

పళ్లెం అక్కడే జారిపోయింది. నర్సింగమ్మ కందిచేలకు అడ్డంపడి ఉరికింది.

అండాలు బావి ఒడ్డున నిలబడి, పచ్చటి నాచులోకి చూస్తోంది. నర్సింగమ్మ చేతికి మొదట దొరికింది ఆ అట్టలు కట్టిన జుట్టే. గుంజింది. ఇద్దరూ బురదలో పడ్డారు.

"ఇడువత్తా!" అండాలు కళ్లలో నీళ్లు కూడా లేవు. "కోరిక తీర్చకపోతే చెవుల చీము కారుతదంటరు గద?"

నర్సింగమ్మ నోరంతా చేదయింది. కుళ్లిన బత్తాయిలు, కొడుకు నవ్వు, దాన్ని మించి తన నవ్వు. ఇంకా పుట్టని చెవుల కోసం ఇంత హైరానా పడ్డ ఇంట్లో, ఎదురుగా కూర్చుని చెప్పిన మనిషి మాట వినే చెవి ఒక్కటీ లేకపోయింది.

మైసయ్య రొప్పుతూ వచ్చాడు. "ఏందమ్మా, తాగనియ్యలేదా? మరి పోరనికి చెవుల..."

"కారనీరా! నీ నోట్ల పురుగులు పడ. ఉరుకు, సడక్ మీద సూర్యాపేట బస్సు ఆపు. దవాఖానకు తోలుకపోవాలె."

"ఏం రోగమని చెప్తవ్?"

"నాకేం తెలుసు? వేవిళ్లు కాదని చెప్త."

బస్సు వచ్చి ఆగేదాకా ఆ జుట్టును ఆమె పిడికిలి వదల్లేదు.