ఆరున్నరకు చంద్రుడు

చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే మా ఆయన క్యాలెండర్ పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. పదో తారీఖున సగం చంద్రుడు ఉంటాడు కదా అని అడిగాడు. ఆ గడిలో బహుళ అష్టమి అని ఉంది. "ఉంటడు" అన్నాను. అబద్ధం కాదు. ఏ వేళకు ఉంటాడని ఆయన అడగలేదు. పన్నెండేళ్ల కాపురంలో అడిగినదానికి అడిగినంతే జవాబు చెప్పడం అదే మొదటిసారి. చిక్కుడుకాయలు ఎప్పటిలాగే శుభ్రంగా కడిగాను.

మా ఆయన బాలరాజు యూనివర్సిటీలో ఫిజిక్స్ ప్రొఫెసర్. ఆయన చదువంతా లేజర్ల మీద. నేను అదే క్యాంపస్‌లో ఖగోళశాస్త్రం ఎమ్మెస్సీ చేసి, పీహెచ్‌డీలో చేరి, పెళ్లయిన రెండో ఏడు మానేశాను. ఇంట్లో ఇద్దరు డాక్టర్లెందుకు, అమ్మకు వండిపెట్టే మనిషి కావాలి కదా అన్నాడు అప్పట్లో, నవ్వుతూనే. ఏటా చలికాలంలో క్యాంపస్ గ్రౌండులో స్కూలు పిల్లలకు టెలిస్కోపులో చంద్రుణ్ణి చూపిస్తాడు. పేపర్లో ఆయన ఫొటో పడుతుంది. ఏ రోజు పెట్టాలో, ఆ రోజు తార్నాక మీద చంద్రుడు ఏ వేళకు ఏ దిక్కున కనిపిస్తాడో లెక్కగట్టేది నేను. అక్కడ ఆయన మాట్లాడేవి కూడా నేను రాసిచ్చిన మాటలే.

అవన్నీ కలిపి ఈ ఏడు పుస్తకం వేద్దామన్నాడు, ఇద్దరి పేర్లతో. ఎనిమిది నెలలు రాశాను. కుక్కర్ విజిళ్లు వింటూ నెలవంక గురించి రాశాను, అత్తమ్మ కాళ్లకు నూనె రాసి వచ్చి గ్రహణాల గురించి రాశాను. ప్రెస్ నుంచి అట్టపెట్టెలు వచ్చిన రోజు నేనే కత్తెర తెచ్చి విప్పాను. అట్ట మీద ఒక్కటే పేరు. లోపల ఒక పేజీ అడుగున 'వేళకు టీ అందించిన నా శ్రీమతికి' అని ఉంది. ఆ శ్రీమతికి పేరు కూడా లేదు.

"నీకు పీహెచ్‌డీ లేదు గద, పబ్లిషర్ ఒప్పుకోలే. అయినా నా పేరుంటే నీ పేరున్నట్టే గద" అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. ఆ పూట నేను అన్నం తినలేదు. తినలేదని ఇంట్లో ఎవరికీ తెలియనే లేదు. పగ అనేది కథల్లో వాళ్లకుంటుందనుకునేదాన్ని. అంట్లు తోముతూ కూడా దాన్ని పెంచుకోవచ్చని అప్పుడే తెలిసింది.

ఈసారి తేదీ ఆయనే పెట్టుకున్నాడు. ముఖ్య అతిథికి పదో తారీఖే ఖాళీ అట. పుస్తకావిష్కరణా, చంద్రుడూ రెండూ సాయంత్రం ఆరున్నరకే. అష్టమి పూట మంచిపని ఏందిరా అని మా అత్త భూదేవి ఒక్కతే అడ్డుపడింది. సైన్సు చదివినవాడికి తిథులెందుకమ్మా అని ఆయన నవ్వాడు. అష్టమికి ముందున్న 'బహుళ' అన్న మాట పట్టించుకుని ఉంటే బతికిపోయేవాడు. పున్నమికి ముందొచ్చే అష్టమి నాడు సగం చంద్రుడు పొద్దుగూకేసరికే నడినెత్తిన ఉంటాడు. పున్నమి తర్వాతి అష్టమి, అంటే ఈ బహుళ అష్టమి నాడు, అర్ధరాత్రయితే గాని పొడవడు. ఆ సంగతి ఆయన పుస్తకంలోనే ఉంది, ఇరవయ్యో పేజీలో. తెరుస్తాడేమోనని నాలుగు రోజులు చూశాను. అభిమానులకు సంతకం ఎలా పెట్టాలో తెల్లకాగితాల మీద దిద్దుకున్నాడు గాని పుస్తకం తెరవలేదు.

పదో తారీఖున మౌలాలి నుంచి, గోల్నాక నుంచి బస్సుల్లో రెండువందల మంది పిల్లలు వచ్చారు. ఆవిష్కరణ అయిపోయింది, శాలువాలు అయిపోయాయి. ఆయన టెలిస్కోపును తూర్పుకు తిప్పాడు, నెత్తిమీదికి తిప్పాడు, పడమటికి తిప్పాడు. మబ్బు పట్టినట్టుందని మైకులో చెప్పాడు. చుక్కలు కనిపిస్తున్నాయి సార్ అని పిల్లలు నవ్వారు. ముఖ్య అతిథి వాచీ చూసుకున్నాడు. నాకు జాలి కలగాల్సింది. కలగలేదు. కడుపు చల్లగా ఉంది.

ఆయన చెమటలు తుడుచుకుంటూ నా కుర్చీ దగ్గరికి వచ్చాడు. "చెప్పొద్దా స్నేహా నువ్వు?"

"మీరు అడగలే."

పిల్లల్ని మాత్రం వట్టి చేతులతో పంపబుద్ధి కాలేదు. వాళ్లు నాకేం చేశారు? లేచి మైకు దగ్గరికి వెళ్లాను. రేపు పొద్దున ఎనిమిది గంటలకు పడమటి దిక్కు చూడండి, ఎండలోనే తెల్లగా సగం చంద్రుడు కనిపిస్తాడు అని చెప్పాను. వీలైనవాళ్లు ఇక్కడికే రండి, టెలిస్కోపు దగ్గర నేను ఉంటాను అన్నాను. పగలు చంద్రుడు ఉంటాడా అని పిల్లల్లో గోల మొదలైంది. మౌలాలి బడి టీచరు రజిని లేచి నిలబడింది.

"రేపు మా పిల్లల్ని తోల్కొని వస్తా. మీరెవరు మేడం?"

"మా మిసెస్" అన్నాడు మా ఆయన వెనక నుంచి.

"నా పేరు స్నేహలత. ఆ పుస్తకం రాసింది నేను" అన్నాను.

ముఖ్య అతిథి చేతిలోని పుస్తకం తిప్పి అట్ట చూశాడు. మైకు ఆన్‌లో ఉందే అని మా ఆయన నా చెవి దగ్గర పళ్లు కొరికాడు. ఉందని నాకు తెలుసు. చూసుకునే మాట్లాడాను.