అలసందలు తినేవాళ్ళ గడప మీద

నేను అక్షరాలు నేర్చుకున్నది ముసలితనంలో. తప్పులుంటే మన్నించండి. ఒక్కో వాక్యం రాయడానికి నాకు కుండెడు అన్నం ఉడికేంత సేపు పడుతుంది. అందుకని అక్కర్లేనివి రాయను.

మా పుట్టింటివాళ్ళది కూలిబాలీల వంశం. కూలిబాలీలకూ కెయిటాలనే ఇంకో వంశానికీ తాతల కాలం నుంచి వేళాకోళం హక్కు ఉంది. ఎదురుపడితే తిట్టుకోవాలి. కెయిటాలు అలసందలు తప్ప ఏమీ తినరనీ, వాళ్ళ వెనకాల నడవడం కష్టమనీ, వాళ్ళంతా మా బానిసలనీ మేం అంటాం. వాళ్ళూ మమ్మల్ని అదే అంటారు. కోపం తెచ్చుకున్నవాళ్ళకే తలవంపు. చావింట్లో కూడా ఈ హక్కు పోదు. అవతలి వంశంవాళ్ళు శవానికి అడ్డంపడి ఏదో ఒకటి పుచ్చుకునిగానీ లేవరు.

నాగ్నూమా కెయిటా నా అల్లుడి మేనత్త. వాణ్ణి పెంచింది ఆవిడే కనక నాకు వియ్యపురాలి లెక్క. మా ఆయన పోయినప్పుడు ఊరంతా ఏడుస్తుంటే ఆవిడ వచ్చి నా పక్కన కూర్చుని, "పోనీలేవే, నీ వంట నుంచి తప్పించుకున్నాడు" అంది. ఆ నెలంతా నేను నవ్వింది ఆ ఒక్కసారే.

ఆ ఏడు జ్వరం వచ్చింది. వాంతులు, విరేచనాలు, కొందరికి రక్తం. కంకన్ పట్నం నుంచి హవా అనే డాక్టరమ్మ వచ్చి, మా వాకిట్లో పుల్లతో మట్టి మీద బొమ్మ గీసింది. చచ్చినవాళ్ళకు ఒక్కో సున్నా. ఎవరి నుంచి ఎవరికి సోకిందో ఒక్కో గీత. గీతలన్నీ వెనక్కి వెళ్ళి ఏటి అవతలి ఊళ్ళో ఒక శవస్నానం దగ్గర కలిశాయి. "గాలిలో రాదమ్మా ఇది. పోయినవాళ్ళ ఒంటి తడిలో ఉంటుంది. కడిగినవాళ్ళకు అంటుకుంటుంది" అంది.

నాగ్నూమా వాళ్ళన్న ఫాకోలీ, అంటే కెయిటాల ఇంటిపెద్ద, ఆ సున్నాల మీద చెప్పు వేసి తుడిచేశాడు. "మా ఆడవాళ్ళు మా చచ్చినవాళ్ళని కడగడం మొన్న మొదలెట్టారా?"

నాకు అప్పటికి చదువు రాదు. కానీ గీతలో ఉన్న ఆడవాళ్ళందరూ తెలుసు. ఆ స్నానానికి వెళ్ళొచ్చిన నాగ్నూమా కూడా తెలుసు. వారం తిరక్కుండానే ఆవిడ పడకేసింది.

నా కూతురు సయోన్ అప్పుడు తొలిచూలుతో నా దగ్గరే ఉంది. నాగ్నూమా పోయిందని తెల్లారగానే కబురొచ్చింది. కోడలు కాబట్టి సయోనే కడగాలి.

"వెళ్ళకే" అన్నాను.

"కన్నతల్లిలా చూసిందమ్మా నన్ను. నేను కడక్కపోతే రేపు ఆ ఇంట్లో ఏ మొహం పెట్టుకుని తిరగను?"

అది కెయిటాల ఇంటికొచ్చి వేణ్ణీళ్ళ బకెట్ అందుకునేలోపు నేను ముందే వెళ్ళి శవం ఉన్న గదికి అడ్డంగా, గడప బయట, కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాను.

"సారాన్, దారి వదులు" అన్నాడు ఫాకోలీ.

"ఎందుకు వదలాలి? లోపలున్నది నా బానిస. నా సెలవు లేకుండా చచ్చింది. ముందు ఆ సంగతి తేల్చు."

ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఆచారం ప్రకారం నన్ను లేపడానికి, మేం తాంబూలంలా నమిలే కోలా కాయలు తెచ్చారు.

"ఈ ఊడిన పళ్ళతో కోలా కాయలు నమలనా? ఎగతాళా?"

కోడిని తెచ్చారు.

"దీనికి కూడా అలసందలే మేపారా? పొట్ట చూడు, ఎగిరిపోయేలా ఉంది."

మేకను తెచ్చారు.

"అచ్చం మీ తమ్ముడి మొహమే. చుట్టాన్ని కోసుకు తినమంటావా?"

ఎండ నెత్తికెక్కింది. ఊరి మొదట్లో కుర్రాళ్ళు రాళ్ళు పట్టుకుని, శవాల్ని పాతిపెట్టడానికి డాక్టరమ్మ పంపిన తెల్ల ముసుగులవాళ్ళను ఆపేసి ఉన్నారు. బకెట్లో నీళ్ళు చల్లారిపోయాయి. సయోన్ నడుము పట్టుకుని నిలబడింది. ఫాకోలీ వచ్చి నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఏం కావాలే నీకు? నిజం చెప్పు."

అందరికీ వినబడేలా చెప్పాను: "దీన్ని నా కూతురు ముట్టుకోకూడదు. మీ ఇంట్లో ఎవరూ ముట్టుకోకూడదు. బానిసముండకు అంత మర్యాదెందుకు? ఆ తెల్ల కప్పలకిచ్చి పంపు. దీని మొహానికి వాళ్ళు చాలు."

ఫాకోలీ సయోన్ కడుపు వంక చూశాడు. తర్వాత లేచి గట్టిగా అరిచాడు. "విన్నారా? ఈ కూలిబాలి ముసలి దయ్యం అడ్డంపడింది. అడిగింది ఇవ్వకపోతే మా తాతలు ఊరుకోరు. పాపమంతా దీనిదే! ఒరేయ్, రాళ్ళు పారేసి వాళ్ళని రానివ్వండి."

అక్కడే ఉన్న మసీదు ఇమాంగారు గొంతు సవరించుకుని, నీళ్ళు కుదరనిచోట మట్టితో శుద్ధి చేసినా చెల్లుతుందని అన్నారు. పొద్దుటి నుంచీ ఆయనకు తెలుసు. అనడానికే ఎవరో ఒకరు ముందు సిగ్గు వదలాలి.

సమాధి దగ్గరకు మమ్మల్ని రానివ్వలేదు. దూరం నుంచే అరిచాను. "ఒసేయ్ అలసందలదానా! అక్కడా కాళ్ళు బార్లా చాపుకోకు, నాకు కాస్త చోటుంచు!" ముసుగులవాళ్ళు తిరిగి చూశారు. నలభై ఏళ్ళ మా తిట్లలో మొదటిసారి ఆఖరి మాట నాదయింది. నాకేం బాగోలేదు.

గడప దగ్గర కూర్చున్నందుకు డాక్టరమ్మ నన్ను తిట్టి మూడు వారాలు విడిగా ఉంచింది. రోజూ ఒక నర్సు తుపాకీ లాంటిది నుదుటికి గురిపెట్టి జ్వరం చూసేది. అన్నం గుమ్మం దగ్గరకు వచ్చేది. ఉప్పు అప్పడగడానికి ఒక్కరూ రాలేదు. పెళ్ళయ్యాక అంత సుఖపడింది లేదు. నాగ్నూమాకు సేవ చేసిన ఫాకోలీ భార్యకు మాత్రం జ్వరం తగిలింది. డేరా ఆసుపత్రిలో చావు అంచు దాకా వెళ్ళి తిరిగొచ్చింది. ఆ తర్వాత ఫాకోలీ ఎవరి సున్నాలూ తుడవలేదు.

సయోన్‌కు ఆడపిల్ల పుట్టింది. నాగ్నూమా అని పేరు పెట్టారు. తండ్రి కెయిటా, కాబట్టి అదీ కెయిటాయే. ఉయ్యాల్లో ఉండగానే దానికి చెప్పేశాను, నువ్వు నా బానిసవని. ఇప్పుడు నా చేత అక్షరాలు దిద్దిస్తోంది అదే. నిన్న నా పలక చూసి, "కూలిబాలీల బుర్ర నిండా అలసందలేనా?" అంది.

సారాన్ కూలిబాలి, అరవై తొమ్మిదేళ్ళు, ప్రస్తుతం కంకన్‌లో కూతురి ఇంట్లో.