చార్జింగుకు పెట్టిన ఫోను

టైపక్క కీబోర్డును బోర్లించి రెండు తట్లు తట్టింది. రాలిన దుమ్మును ఎప్పటిలాగే అరచేత్తో ఊడ్చింది. ఆ డీటీపీ షాపులోనే ఆమె జుట్టు నెరిసింది, వేలి కణుపులు ఉబ్బాయి. అందరికీ టైపు కొట్టే అక్కే, అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఇవాళ ఒక్కరోజే ఆమెకు పని, రేపటినుంచి ఆ కుర్చీ ఓనరు బావమరిదిదని నిన్న షట్టరు దించుతూ చెప్పారు.

బావమరిది రేపటిదాకా ఆగలేదు. రాత్రికి రాత్రే సిస్టంలో విండోస్ తీసేసి లినక్స్ ఎక్కించాడు. ఏళ్ల తరబడి ఆమె గీసిన డిజైన్లన్నీ తుడిచేశాడు.

“ఒక్కమాట అడగాల్సింది,” అంది.

“పాత చెత్తే కదక్కా.”



తీరా చూస్తే వైఫై లేదు. నల్లటి తెరమీద అతను ఏవో కమాండ్లు కొడుతున్నాడు, తిడుతున్నాడు, మళ్లీ కొడుతున్నాడు. సాయంత్రానికి నెట్లో పంపాల్సిన పోస్టరు ఫైలు కోసం ప్రెస్సువాడు మిషను ఖాళీగా ఉంచుకున్నాడు. టైపక్క సిస్టంలో రోజూ చార్జింగుకు పెట్టే చోటే ఫోను వైరు గుచ్చింది. ఇంట్లో కూతురి లాప్‌టాప్‌కు ఇచ్చినట్టే, ఫోనులోని నెట్టును సిస్టానికి ఇచ్చింది. చెబుదామని తలెత్తేలోగా అతను ఎంటర్ కొట్టాడు.

“వచ్చేసింది బావా! ఒక్క కమాండుతో దారికొచ్చింది.”

“మావాడంటే ఏమనుకున్నావ్, టైపక్కా?” ఓనరు ముఖం వెలిగిపోయింది.

‘అది నా ఫోను నెట్టు’ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. తుడిచేసిన డిజైన్లు కళ్లముందు మెదిలాయి. మాటను వెనక్కి మింగింది. తియ్యగా దిగింది.

ఇక రోజంతా పోస్టరు దిద్దుతూనే ఉంది. పక్కన బావమరిది ఆమె నెట్టుతోనే పాటలు పెట్టుకుని, ఆమెకే పాఠాలు చెప్పాడు. ఫోను వేడెక్కినప్పుడల్లా వేలితో తాకి చూసుకుంది.

పొద్దు వాలింది. పోస్టరు పూర్తయింది.

“పంపడం మావాడు చూసుకుంటాడు. నువ్విక బయల్దేరు,” అన్నాడు ఓనరు. “వీలైతే రేపోసారి వచ్చి, వీడికి పని చూపించి పో.”

“ఆయనకు నేను చూపించేదేముందయ్యా. నెట్టే తెప్పించినవాడు.”

వైరు పీకి, ఫోనుతో సహా సంచిలో వేసుకుంది. వెళ్లొస్తానని అనలేదు. “వెళ్తున్నా,” అంది.

సగం మెట్లు దిగేసరికి పైనుంచి వినబడింది.

“బావా, నెట్ పోయింది.”

“ఇందాకటి కమాండే కొట్టరా.”

టకటకా కొట్టాడు. మళ్లీ కొట్టాడు. టైపక్క గోడకు చెయ్యానించి నిలబడి, ఆ చప్పుడు చెవులారా వింది. ప్రెస్సు నుంచి కాబోలు, షాపు ఫోను మోగింది. “టైపక్కా, ఒక్కసారి రా,” ఓనరు కేక. ఆమె మిగతా మెట్లు దిగి, జనంలో కలిసిపోయింది.

పైన ఇద్దరూ నిలబడే తెరమీదికి వంగి ఉన్నారు. ఖాళీ కుర్చీలో ఆమె నడుంనొప్పికి పెట్టుకునే దిండు, వీపు ఆనిన గుంటతో అలాగే ఉంది.